వెనక రెండు చక్రాలు

శవం సీటు బెల్టు పెట్టుకునే ఉంది.

ఆదివారం ఉదయం 6:35. నాచారం పారిశ్రామికవాడ మలుపు. తెల్లవారుజాము నుంచి వాన. ఎర్రటి చిన్న కారు ఒకటి అడ్డంగా తిరిగిపోయి, ఆగి ఉన్న లారీ వెనక భాగానికి డ్రైవర్ తలుపు వైపు నుంచి గుద్దుకుంది. లారీకి గీత కూడా పడలేదు. కారు సగమైంది.

ఇన్‌స్పెక్టర్ రాజశ్రీ వంగి లోపలికి చూసింది. ఇరవై ఏడేళ్లుంటాయి. నున్నగా దువ్వి బిగించిన జడ. ఎడమ చేయి ఇంకా స్టీరింగ్ మీదే ఉంది. కుడి చేయి ఎక్కడుందో వెంటనే తెలియలేదు.

"ఎన్ని గంటలకి?"

"అయిదు యాభై రెండు మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ తిరుపతి. "గా కంపెనీ గేటు కెమెరాల పడ్డది. సూసిన."

"స్పీడు?"

"ఎక్కువేం లేదు. నలభై అయిదు, యాభై. సక్కగనే వచ్చింది. మలుపుల నీళ్లు నిలిచినయ్ కదా, గా నీళ్లల్లకి రాంగనే ఎనక భాగం గిర్రున తిరిగింది. రెండు సెకన్లు. గంతే."

హ్యాండ్‌బ్యాగులో ఫోన్ మోగింది. తెర మీద పేరు సిరి. రాజశ్రీ ఎత్తింది.

"అక్కా, ఏడున్నవే? అర్ధగంట సంది తడుస్తున్న! మల్కాజిగిరి స్టేషన్ బయటనే ఉన్న. కొత్త టైర్లు, ఫికర్ లేదు అని మెసేజ్ పెడితివి. ఏడ పాయె నీ కొత్త టైర్లు?"

"నేను మీ అక్కని కాదమ్మా."

అవతల రైలు కూత వినిపించింది.

బ్యాగులో దువ్వెన, తాళాలు, లైసెన్సు. పేరు హరిణి. ఒక బొట్టు స్టిక్కర్ల ప్యాకెట్. అందులో స్టిక్కర్ల వెనక గోరంత మెమరీ కార్డు. రాజశ్రీ దాన్ని కవర్లో వేయించింది.

తర్వాత కారు చుట్టూ తిరిగింది. ముందు టైర్ల దగ్గర కూర్చుంది. లోతైన గాళ్లు. కొత్త రబ్బరు మీద సన్నటి వెంట్రుకలు కూడా పూర్తిగా అరగలేదు. పక్కన ఉబ్బెత్తు అక్షరాల సందులో కాస్త పసుపురంగు.

"ఇదేంది?"

"కొత్త టైర్ మీద కంపెనీ రంగు గీతలుంటయ్ మేడం. గదే అయ్యుంటది."

వెనక టైర్లు వేరు. నల్లటి పలకల్లా ఉన్నాయి. నీళ్లు పోవడానికి పేరుకి రెండు మూడు గీతలు. అంతే.

బండికి ముందొక జాతి కాళ్లు, వెనకొక జాతి కాళ్లు.

*

ఉదయం 9:40. స్టేషన్.

హరిణి భర్త కౌశల్ వచ్చాడు. ముప్పై మూడేళ్లు. పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకోసారి ఇదే కారుతో చెన్నై వెళ్లి రేస్ ట్రాక్ మీద నడుపుతాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. భార్య మార్చురీలో ఉంది. భర్త కంప్లయింట్ టైప్ చేసి, రెండు కాపీలు ప్రింట్ తీసి, పిన్ను కొట్టి మరీ తెచ్చాడు.

రాజశ్రీ చదివింది. శనివారం మధ్యాహ్నం నాచారంలో నరేందర్ టైర్ల షాపుకి కారు ఇచ్చాడు. ట్రాక్ టైర్లు రిమ్ములతో సహా తీసేసి, వేరే రిమ్ముల మీద నాలుగూ కొత్త రోడ్డు టైర్లు వేయమన్నాడు. అక్కడ టైర్లు ఎక్కించే హన్మయ్య ముందు రెండే మార్చాడు. వెనక ట్రాక్ టైర్లు అలాగే వదిలేశాడు. మిగతా నాలుగు చక్రాలూ, రెండు కొత్తవి, రెండు పాతవి, కారు వెనక భాగంలో పడేసి పంపించాడు. ఆ నిర్లక్ష్యం తన భార్యని చంపింది.

"మీరు చూసుకోలేదా?"

"చీకటి పడుతోంది, వాన మబ్బు. అన్ని రిమ్ములూ నలుపే. చక్రాలు దించి సెల్లార్ స్టోర్‌రూమ్‌లో పెట్టి గుడ్డ కప్పేశాను. నమ్మాను మేడం. అదే నా తప్పు."

"ఇంత పొద్దున్నే ఆమె ఎక్కడికి బయల్దేరింది?"

"వాళ్ల చెల్లి సిద్దిపేట నుంచి వస్తోంది. స్టేషన్‌కి. క్యాబ్‌లో వెళ్లమన్నాను. వినలేదు."

కన్నీళ్లు సరిగ్గా ఉన్నాయి. ఎక్కువా కాదు, తక్కువా కాదు.

బయట బెంచీ మీద హన్మయ్య కూర్చుని ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్లు. అరచేతుల్లో గీతలన్నీ నల్లగా ఉన్నాయి. ఎడమ చెంప వాచింది. కొట్టింది షాపు ఓనర్ నరేందర్. గంట క్రితం, కౌశల్ ఎదుటే, తన షాపుకి దీంతో సంబంధం లేదని చూపించడానికి కొట్టాడు.

"ఎన్ని మార్చినవ్?"

"నాలుగు మేడం."

"ఆయన రెండే అంటుండు."

"నాలుగు. నా చేత్తోని బిగించిన. ట్రాక్ చక్రాలు నాలుగు ఎనక సీట్లు మడిచి లోపల పెట్టిన."

"మర్చిపోయినవేమో. శనివారం, గిరాకీ ఉంటది."

హన్మయ్య తలెత్తాడు. "ముప్పై ఏండ్లాయె మేడం. ఒకవేళ రెండే ఉంటే గా రెండూ ఎనకకేస్త. ముందు జారితే మనిషికి తెలుస్తది. ఎనక జారితే తెల్వదు. నేను ఎనక పాతయి వదిలిపెట్టుడా?"

"సాక్షి ఎవరు?"

"ఎవలు లేరు. షాపు కెమెరా ఖరాబై నెలాయె."

తిరుపతి గొంతు తగ్గించాడు. "సాయంత్రం అయిదింటికి మేజిస్ట్రేట్ ఇంటికి తీస్కపోవాలె మేడం. రిమాండ్. కంప్లయింట్ గట్టిగుంది."

హన్మయ్య విన్నాడు. గోడ గడియారం వైపు చూశాడు. పది కూడా కాలేదు.

"నా భార్యకి జెప్పలే," అన్నాడు. "డయాలిసిస్‌కి రేపు నేనే తీస్కపోవాలె."

*

11:00. టైర్ల షాపు.

నరేందర్ ముందే చేతులు కట్టుకున్నాడు. "హన్మయ్యదే తప్పు మేడం. ముసలోడైండు. మా షాపుని దీంట్లకి లాగకున్రి."

"నాలుగు వేసిండో రెండు వేసిండో నువ్వు చూసినవా?"

"నేను కౌంటర్ల ఉన్న."

"మరి ఆయనదే తప్పని ఎట్ల తెలిసింది? చెంప మీద కొట్టినంక తెలిసిందా?"

నరేందర్ కట్టుకున్న చేతులు విప్పాడు.

"సరే. నాకు టైర్లు తెలియవు. తెలిసేటట్టు చెప్పు. ఒకే కారు, వారమంతా ఆఫీసుకి, నెలకోసారి ట్రాక్‌కి. ఏ టైర్ కొనాలె?"

ఇది మాత్రం నరేందర్‌కి ఇష్టమైన ప్రశ్న. ఒక ట్రాక్ టైర్ని దొర్లించుకుంటూ తెచ్చి, బొటనవేలితో నొక్కి చూపించాడు.

"సూడున్రి, మెత్తగుంటది. నాలుగు రౌండ్లు కొడితే వేడెక్కి రోడ్డుని జిగురు లెక్క పట్టుకుంటది. సల్లగుంటే రాయి. పైన గాళ్లు తక్కువ, నీళ్లు పోయే తోవ లేదు. రోడ్డు టైరుకి పట్టు జర తక్కువే, కానీ సల్లగున్నా పట్టుకుంటది, నీళ్లని పక్కకి తోస్తది. రెండు పనులకి ఒకటే టైర్ కావాలంటే మధ్యరకం కొనాలె, రెండు దిక్కులా కొంచెం కొంచెం పోతది. తెలివైనోళ్లు రెండు సెట్లు పెట్టుకుంటరు. కౌశల్ సార్ మూడు నెల్లు నా పానం తిని రెండు సెట్లు కొన్నడు. నాకంటే ఆయనకే ఎక్కువ తెల్సు."

"రెండు సెట్లనీ కలిపేస్తే?"

"ముందు రోడ్డువి, ఎనక ట్రాక్‌వా?" నరేందర్ టైరుని వదిలేశాడు. అది రెండడుగులు దొర్లి పడిపోయింది. "గది సావే మేడం. నాలుగూ ట్రాక్‌వే ఉంటే నీళ్లల్ల స్టీరింగ్ తేలిపోతది, నడిపేటోళ్లకి భయమై మెల్లగ పోతరు. గిట్ల కలిపితే స్టీరింగ్ మంచిగనే ఉంటది. అంతా బాగనే ఉన్నదనుకుంటరు. ఎనకనుంచి దెయ్యం గుంజినట్టు ఒక్కసారి తిరుగుతది."

"వేరెవరికి తెలుసు ఈ సంగతి?"

"ట్రాక్ మీదికి పోయేటోళ్లందరికి తెల్సు."

*

12:20. ఉప్పల్. మూడో అంతస్తు ఫ్లాటు.

తలుపు తీసింది కౌశల్ తల్లి తారామణి. భర్త ప్రభుత్వ పరిశోధన సంస్థలో పనిచేసి పోయాడు. అరవై రెండేళ్లు. ఇంట్లో ఒక్క వస్తువు వంకరగా లేదు. కోడలి చెప్పులు అప్పటికే గుమ్మం దగ్గర నుంచి తీసేసి కాగితంలో చుట్టి పెట్టింది.

"పిల్ల మంచిదేనండీ. ఎవరినీ ఏమీ అనేది కాదు. పనే రాదు. పప్పులో ఉప్పు నాలుగేళ్లయినా తెలియలేదు. ఆ యాస మార్చుకోమంటే నవ్వేది. కూర్చోండి, కాఫీ ఇస్తాను."

"నిన్న సాయంత్రం కారు ఎన్నింటికి వచ్చింది?"

"అయిదుంపావుకి. ఆరింటికి పూజ చేయించాను."

"ఏం పూజ?"

తారామణి ఆశ్చర్యంగా చూసింది. "కొత్త టైర్లు వేయిస్తే పూజ చేయరూ? బండికి కొత్త కాళ్లు వచ్చినట్టే కదండీ. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాను."

"ఎవరు తొక్కించారు?"

"హరిణే. నాకు డ్రైవింగ్ రాదుగా. స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి మెల్లగా ముందుకి రమ్మన్నాను. రెండడుగులు. మళ్లీ వెనక్కి పోనివ్వకు, దోషం అన్నాను. అక్కడే ఆపేసింది."

"కౌశల్ ఉన్నారా?"

"వాడికి ఇవన్నీ నమ్మకం లేదు. పైన ఫోన్లో ఉన్నాడు. నిమ్మతొక్కలు నేనే ఊడ్చి పారేశాను. వాడు చూస్తే వెక్కిరిస్తాడు."

"బొట్టు నాలుగు టైర్లకీ పెట్టారా?"

"నాలుగింటికీ. నాలుగు నిమ్మకాయలు. సగం పూజ నేను చేయనండీ."

రాజశ్రీ కాఫీ గ్లాసు అందుకుంది. చక్కెర సరిగ్గా ఉంది.

"తర్వాత?"

"ఏడింటికి పక్క బ్లాకులో సీమంతం ఉంటే నేనూ హరిణీ వెళ్లాం. ఎనిమిదిన్నరకి వచ్చాం. అదుగో, ఆ చిరాకు ఒకటి. నా గిన్నెలు తోమే బకెట్టు వీడు కిందికి పట్టుకుపోయి వదిలేశాడు. సగం సబ్బు ఖాళీ. చేతులకి గ్రీజు అయిందట."

"స్టోర్‌రూమ్ తాళం ఇస్తారా?"

"వాడే పెట్టుకుంటాడు. నా దగ్గర ఇంకోటి ఉంది. వాడికి తెలియదు." తారామణి చిన్నగా నవ్వింది. తాళంచెవి పోపులపెట్టె కింద నుంచి తీసింది.

రాజశ్రీ, తిరుపతి సెల్లార్‌లోకి దిగారు. వెనకాలే క్లూస్ టీమ్‌ని రమ్మన్నారు. గుడ్డ కింద నాలుగు చక్రాలు. రెండు నున్నటివి, రెండు కొత్తవి. సరిగ్గా కౌశల్ రాసినట్టే ఉన్నాయి.

"ఆయన చెప్పింది నిజమే అన్నట్టు మేడం," అన్నాడు తిరుపతి. "హన్మయ్య ఎక్కించకుండ లోపల పడేసిండు. పాపం ముసలోడు."

రాజశ్రీ టార్చి తీసుకుని కొత్త టైర్లలో ఒకదాన్ని మెల్లగా తిప్పింది. అంగుళం అంగుళం. ఒకచోట ఆగింది.

"తిరుపతి, నిమ్మకాయ తొక్కితే ఏమైతది?"

"నలుగుతది."

"నలిగినంక?"

తిరుపతి వంగి చూశాడు. చూసి, తిరిగి లేవడానికి కొంచెం సేపు పట్టింది.

మూలన చెత్త గుడ్డల డబ్బా ఉంది. అందులో ఒక తెల్లటి తువ్వాలు ముక్క. దాని మీద ముదురు ఎర్రటి మరకలు.

"రక్తమా మేడం?"

"కాదు," అంది రాజశ్రీ. "మీ ఇంట్ల బట్టలు ఎవరు ఉతుకుతరు?"

"మా ఆమె."

"అందుకే తెల్వదు నీకు. కవర్లో పెట్టించు."

*

2:15. సైనిక్‌పురి.

కార్డులో ఉన్న వీడియో రాజశ్రీ స్టేషన్‌లోనే చూసింది. ఏప్రిల్ నెల. ట్రాక్ మీద కౌశల్ కారు ముందు అద్దానికి ఉన్న కెమెరా తీసింది. ముందు ఒక తెల్ల కారు. అది కౌశల్ స్నేహితుడు నరేన్‌దని, టైర్ల షాపు నరేందర్ వేరని హరిణి చెల్లెలు సిరి చెప్పింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆ అమ్మాయికి. "అక్క ఫోన్ల అన్నది. నువ్వు రాంగనే నరేన్ అన్న దగ్గరికి పోదాం, ఒకటి ఇయ్యాలె, ఒక్కదాన్నే పోవాలంటే భయమైతుంది అన్నది."

నరేన్ తలుపు తీయడానికి సమయం పట్టింది. చంకకర్ర. కుడి కాలు మోకాలి కింద లేదు.

"కౌశల్ నా ఫ్రెండ్ మేడం. ఆ రోజు నేనే తప్పు బ్రేక్ వేసిన అని అందరికి చెప్పిండు. నేను గూడ నమ్మిన. నాలుగు నెల్లు నన్ను నేనే తిట్టుకున్న."

"మిమ్మల్ని చూడనీకి వచ్చేవాడా?"

"రెండుసార్లు. యాపిల్స్ తెచ్చిండు. ఇగ నీకు ఆటోమేటిక్ కారే బెటర్‌రా అన్నడు."

రాజశ్రీ ల్యాప్‌టాప్ తెరిచి వీడియో పెట్టింది. తెల్ల కారు వెనక ఎర్ర లైట్లు వెలగలేదు. బ్రేకే పడలేదు. మలుపు మధ్యలో కౌశల్ కారు ముక్కు దాని వెనక మూలని కావాలని నెట్టింది. తెల్ల కారు గిర్రున తిరిగి గోడకి కొట్టుకుంది. తర్వాత కౌశల్ గొంతు. నెమ్మదిగా, సంతోషంగా.

"ఇప్పుడు చెప్పరా, ఫస్ట్ ఎవడు?"

నరేన్ మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టింది. మూడోసారి అడగలేదు.

"ఒక్క విషయం," అంది రాజశ్రీ. "ముందు రోడ్డు టైర్లు, వెనక ట్రాక్ టైర్లు. వానలో ఏమైతదో కౌశల్‌కి తెలుసా?"

"తెల్సుడేంది? కొత్తగ వచ్చినోళ్లకి ట్రాక్ డే నాడు క్లాసు చెప్పేది వాడే. ఎప్పుడూ ఇదే మాట. ముందు నీతో మాట్లాడుద్ది, వెనక మాట్లాడదు అని."

*

4:10. ఉప్పల్ అపార్ట్‌మెంట్ సెల్లార్.

కౌశల్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తారామణి కుర్చీలో కూర్చుంది. సిరి స్తంభం పక్కన. నరేందర్ చేతులు కట్టుకుని. హన్మయ్య తిరుపతి పక్కన, చెంప ఇంకా వాచే ఉంది. మధ్యలో నాలుగు చక్రాలు.

"అయిదింటికి హన్మయ్యని మేజిస్ట్రేట్ ముందు పెట్టాలె," అంది రాజశ్రీ. "యాభై నిమిషాలున్నయ్. కౌశల్ గారూ, ఈ రెండు కొత్త చక్రాలు షాపు నుంచి ఎట్ల వచ్చినయ్?"

"రాసిచ్చాను కదా. కారు వెనక భాగంలో."

"కారుకి ఎక్కించలేదు?"

"లేదు."

"ఒక్క నిమిషం కూడా?"

"లేదు మేడం. ఎక్కించి ఉంటే నా భార్య బతికి ఉండేది."

"ఆ మాట రాసుకో తిరుపతి." రాజశ్రీ కూర్చుని ఒక టైరుని తిప్పింది. టార్చి వేసింది. "వచ్చి చూడండి. గాడిలో."

గాడి లోపల ఎండిన పీచు. దానికి అతుక్కుని, చదునుగా నలిగిన రెండు గింజలు. రెండో టైరులో ఒకటి.

"నిమ్మగింజలు," అంది రాజశ్రీ. "శనివారం మూడింటికి షాపులో కవరు విప్పిన టైర్లు ఇవి. కారు వెనక పడుకుని వచ్చిన టైర్లు నిమ్మకాయని ఎట్ల తొక్కినయ్? కారు బరువు పడితే తప్ప గింజ ఇట్ల అంటుకోదు. ఆరింటికి మీ అమ్మగారు పూజ చేసినప్పుడు ఈ రెండూ కారుకే ఉన్నయ్. వెనక. అంటే హన్మయ్య నాలుగూ ఎక్కించిండు. హరిణి రెండడుగులు నడిపి ఆపింది. ముందు టైర్ల నిమ్మరసం నాచారం దాకా వానలో పోతుంటే కడుక్కుపోయింది. వెనక టైర్లు మళ్లీ రోడ్డెక్కలేదు. మీరు ఏడింటికి విప్పేసి లోపల పెట్టిన్రు కాబట్టి."

కౌశల్ నవ్వాడు. "నిమ్మగింజ మీద మర్డర్ కేసా? సంచిలోంచి పడ్డాయేమో. ఎవరైనా వేశారేమో."

"అందుకే ఇది." తువ్వాలు ముక్క బయటికి వచ్చింది. "ఈ ఎరుపు ఏంది?"

"బ్రేక్ కాలిపర్ పెయింట్."

రాజశ్రీ జేబులోంచి నిమ్మచెక్క తీసింది. "ల్యాబ్‌కి పంపే ముక్క వేరే ఉంది. ఇది చూడనీకి." మరక మీద పిండింది.

ఎరుపు కరిగింది. ఆ చోట పచ్చటి పసుపురంగు తేలింది.

తారామణి అప్రయత్నంగా అనేసింది. "పసుపు! పసుపు మరకకి సబ్బు పెడితే ఎర్రబడుతుంది. పులుపు తగిలితే మళ్లీ పచ్చన."

"ఇంట్లో పని చేసే ఆడవాళ్లందరికీ తెలుసు," అంది రాజశ్రీ. "వెనక టైర్లు విప్పుతుంటే వాటి మీద బొట్లు కనపడ్డయ్. కారుకి ఉన్నట్టు గుర్తు కదా అని తుడిచేసిన్రు. అమ్మగారి గిన్నెల సబ్బుతో. బొట్టు మీకు కనపడింది. నిమ్మకాయలు కనపడలేదు. తొక్కలు అమ్మగారు ఊడ్చేసిన్రు."

పైన ఎవరో స్కూటర్ స్టార్ట్ చేశారు.

"మీ కారు కెమెరాలోంచి హరిణి కార్డు తీసింది, నరేన్‌కి ఇయ్యనీకి. అది లేదని ఎప్పుడు చూసుకున్నరు? శుక్రవారమా?"

సిరి ఫోన్ ముందుకి పట్టింది. "అయిదు ముప్పై ఒకటికి మెసేజ్ పెట్టింది సూడు బావా. 'క్యాబ్ ఎందుకు, కారు తీస్కపో అన్నడు మీ బావ. కొత్త టైర్లు ఏపించిండట. ఫికర్ లేదు. వస్తున్న.' పొద్దున పోలీసోళ్లకి క్యాబ్‌ల పొమ్మన్న అని చెప్పినవట. మా అక్క నిన్ను నమ్మింది బావా. మంచిగున్నడు ఇయ్యాల, కోపానికి రాలే అని రాసింది కింద."

"ప్రూవ్ చేసుకోండి," అన్నాడు కౌశల్. కన్నీళ్లు ఎక్కడా లేవు. "కోర్టులో మా అమ్మ ఏం చెబుతుందో చూద్దాం."

అందరూ తారామణి వైపు తిరిగారు.

ఆమె చీర కొంగు సర్దుకుంది. కొడుకుని చూసింది. చక్రాలని చూసింది. మళ్లీ కొడుకుని చూసింది.

"రెండింటికే పెట్టానేమోనండీ," అంది.

"ఏవి?"

"నిమ్మకాయలు. ముందు రెండింటికే. వయసైపోయింది, గుర్తుండదు. వెనక బొట్టు కూడా పెట్టలేదేమో."

"సగం పూజ చేయనన్నరు మధ్యాహ్నం."

"తొందరలో అన్నాను. కొట్టేసి మళ్లీ రాసుకోండి. ఈ పెద్దాయన రెండే వేశాడని రాయండి. ఆయనకి ఈ వయసులో జైలైనా ఒకటే, బయటైనా ఒకటే. వీడికి ముప్పై మూడు."

హన్మయ్య ఆమెనే చూస్తున్నాడు.

"మరి ఈ గింజలమ్మా?" అంది రాజశ్రీ. "మీరు రెండే పెడితే, ఈ రెండు టైర్లు ఎవరి నిమ్మకాయలు తొక్కినయ్?"

4:32కి తిరుపతి కౌశల్ చేతికి బేడీలు వేశాడు. నరేందర్ హన్మయ్య భుజం మీద చేయి వేసి, "రేపు జల్ది రాయే, పని శానా ఉంది," అన్నాడు. హన్మయ్య ఆ చేయి తీసేశాడు.

"మేడం," అన్నాడు. "గా నాలుగు చక్రాలు నేను సక్కగ బిగించిన అని కాగితం మీద రాయున్రి. గంత చాలు."

"రాస్తా."

కౌశల్‌ని జీపు వైపు నడిపిస్తున్నారు. తారామణి లేచి వెంట పడింది. పరుగు కాదు, పెద్ద పెద్ద అంగలు. కొడుకు మోచేయి పట్టుకుంది. ఏడుస్తోంది. గొంతులో మాత్రం కోపం. ఉప్పు ఎక్కువైన పప్పు గురించి కోడలితో మాట్లాడే గొంతే అది.

"నాకొక్క మాట ముందే చెప్పకూడదురా? ఆ గింజలు నేనే ఏరేసేదాన్ని కదా."

సిరి వింది. స్తంభం పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది.

రాజశ్రీ ఆ మాట కూడా వాంగ్మూలంలో చేర్చింది. తేదీ వేసింది. టైము వేసింది. 4:38. కాగితం తారామణి ముందు పెట్టి, చదువుకుని సంతకం చేయమంది.

తారామణి కళ్లు తుడుచుకుని, కళ్లజోడు కోసం వెతుక్కుంది.